తేలిన పోగులు

ఎనభైల చివర్లో ఒకరోజు పొద్దున మంచం దిగి కుడికాలు నేల మీద పెట్టగానే మడమలో మేకు దిగినట్టయింది. గద్వాల దవాఖానలో ఎక్స్‌రే చూసి ఏమీ లేదన్నారు. ఏమీ లేకపోతే ఈ నొప్పి ఎవరిది? మగ్గం గుంటలో చెక్కలు తొక్కే కాలే పోతే నేనేం పనికొస్తాను? భయంతో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కుడి చెక్కను మునివేళ్లతో తొక్కుతూ చీర నేశాను. చెక్క పూర్తిగా దిగక, పేక పోగును మోసే నాడె వెళ్లే దారి సరిగా తెరుచుకోక, గుడ్డ మీద అక్కడక్కడా పోగులు తేలాయి.

చూపు ఆనడం లేదని చెప్పి ఐదేళ్ల కిందట మగ్గం మానేసిన నాన్న, గడప దగ్గరి నుంచే వాటిని చూశాడు.

"కుడి మడిమెనా బిడ్డా?" అన్నాడు. "నాకు గూడ గిట్లనే మొదలైంది."