కాజ్‌వే మీద తేలిన కారు

తెలంగాణ ఏర్పడిన కొత్తలో నన్ను రోడ్ల శాఖ అసిస్టెంట్ ఇంజినీరుగా దమ్మపేట సెక్షన్‌కు వేశారు. అక్కడ అడవి వాగుల మీద వంతెనలు తక్కువ, కాజ్‌వేలు ఎక్కువ. కాజ్‌వే అంటే వాగు మట్టానికి కాస్త ఎత్తుగా వేసిన కాంక్రీటు దారి. వరదొస్తే నీరు దాని మీదుగానే పోతుంది. అప్పుడు దారికి అడ్డంగా తాడు కట్టి, గ్యాంగ్ కూలీలతో కాపలా ఉండడం మా డ్యూటీ.

ఆ వానాకాలం ఒక మధ్యాహ్నం రాఘవయ్య అనే రైతు, తన భార్య పద్మతో కలిసి కారులో వచ్చాడు. కొత్తగూడెం దవాఖానాలో అన్నకు ఆపరేషన్, రక్తం ఇవ్వాలి, తాడు విప్పమన్నాడు. కారు తేలిపోతుందన్నాను.

"మోకాలు లోతు నీళ్లకే తేలుద్దా? టన్ను పైన బరువండీ. మా బావిలో మోటారు పడితే బుడుంగున మునిగింది, తేలిందా?"

మోటారు నిండా ఇనుమే, కారు లోపలంతా ఖాళీ అన్నాను. ఒక వస్తువు ఎంత నీటిని పక్కకు తోస్తే, అంత నీటి బరువుతో ఆ నీరు దాన్ని పైకి లేపుతుందని చెప్పాను. మరి ఇంతే నీళ్లలో లారీలు పోతాయి కదా అన్నాడు. మాట సాగుతుండగా పద్మ కారు దిగి నా పక్కకొచ్చింది.

"ఆగుదామండీ, సారు చెప్తున్నారు గదా."

"అక్కడ అన్న పానం మీదికొచ్చింది" అంటూ ఆయన తాడు తప్పించి కారును నీళ్లలోకి దించాడు.

సగం దూరం కూడా పోలేదు. "సార్, కారు లేసింది!" అని గ్యాంగ్ మేస్త్రీ వీరయ్య అరిచాడు. నేను చదివిన సూత్రమే. అయినా కళ్లారా చూడడం అదే మొదలు. చప్పుడే లేదు. అంత బరువు కారు మెల్లగా పక్కకు తిరిగి, దాని వెనక భాగం అంచున ఉన్న గార్డు రాళ్లకు ఆనింది. అవి దాటితే లోతు వాగు.

"తలుపు తీయండి! నీళ్లు లోపలికి రానీయండి!" అని కేకేశాను.

పద్మ నా చెయ్యి పట్టి గుంజింది. "ఏందండీ మీరు చెప్పేది? మునిగిపోడా మనిషి!"

నా మాట విన్నాడో, భయానికే తీశాడో, దిగువ వైపు తలుపు తెరుచుకుంది. లోపల నీరు నిండేకొద్దీ కారు కిందికి దిగింది. చక్రాలు కాంక్రీటును పట్టుకున్నాయి. వీరయ్య విసిరిన తాడు నడుముకు కట్టుకుని రాఘవయ్య బయటపడ్డాడు. రోడ్డు మీద కూలబడి, "టన్ను బరువండీ" అన్నాడు మళ్లీ. అన్నకు రక్తం వేరెవరో ఇచ్చారని సాయంత్రం ఫోనొచ్చింది.

తర్వాత అక్కడ తాళం వేసే ఇనుప గేటు పెట్టించాను. "మోకాలు లోతు నీటిలో కారు తేలుతుంది" అని బోర్డు రాయించాను. జనం దాని ముందు బండ్లు ఆపి, ఎట్ల తేలుతదని వాదించుకునేవారు. నమ్మకపోయినా ఫరవాలేదు, ఆ వాదన గేటుకు ఇవతల జరిగితే చాలని ఆ ఉద్యోగంలో నేర్చుకున్నాను.