హోట్గి రోడ్డు మీదుగా తిప్పి తెచ్చిన కారు

ఇది నేను ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో చెప్పలేదు, కార్ఖానాలో చెప్పలేదు, గుళ్ళో కళ్ళు మూసుకుని నిలబడ్డప్పుడు కూడా మనసులో పూర్తిగా అనుకోలేదు. ఏళ్ళ తరబడి మోస్తే బరువు అలవాటైపోతుందంటారు. కాదు. నడుము నొప్పి ఉన్నవాడు మంచం మీద ఏ పక్కకు ఒత్తిగిలాలో ముందే చూసుకున్నట్టు, నేను ఏ మాట దగ్గర పక్కకు తిరగాలో చూసుకుంటూ బతికాను. ఎవరైనా కార్ల గురించి మాట్లాడితే లేచి పోయేవాణ్ణి. బ్రేకు అన్న మాట వస్తే దగ్గు తెచ్చుకునేవాణ్ణి.

మీరెవరో నాకు తెలియదు. అదే నయం. తెలిసినవాళ్ళకు చెప్పాల్సిన రోజుల్లో నోరు మూసుకున్నాను. ఇప్పుడు అలసిపోయాను. అంతే.

నేను సోలాపూర్‌లో పవర్‌లూం జాబర్‌ని. అంటే దుప్పట్లు నేసేవాణ్ణి కాదు, మగ్గం మొరాయిస్తే దాని లోపల చెయ్యి పెట్టి సరిచేసేవాణ్ణి. మా నాయన కరీంనగర్ దిక్కు నుంచి ఇక్కడికి నేతకు వచ్చాడు. బడికి పంపే స్తోమత లేదు, పంపాలన్న ఆలోచనా లేదు. చదవడం నేనే నేర్చుకున్నాను. తెలుగు, మరాఠీ, తర్వాత ఇంగ్లీషు. చిత్తు కాగితాలు కొనే దుకాణంలో అట్టడుగున దొరికే మోటారు బండ్ల ఇంగ్లీషు పత్రికలు తెచ్చుకుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని, ఒక్కో పేజీతో కుస్తీ పట్టేవాణ్ణి. నాకెవరూ ఏదీ నేర్పలేదు. ఈ మాట ఇప్పటికీ కోపంగానే వస్తుంది. ఆ కోపమే ఈ కథంతా నడిపించింది. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

తొంభైల మొదట్లో మా కార్ఖానా యజమాని, మేం మాలక్ అనేవాళ్ళం, చిన్న కారు కొన్నాడు. నడపడానికి అంబాదాస్‌ను పెట్టాడు. అంబాదాస్ అంతకుముందు మా దగ్గరే మగ్గం నడిపి, దుప్పట్ల బేళ్ళు మోసే టెంపో మీద డ్రైవింగ్ నేర్చుకున్నవాడు. నీలం నగర్‌లో మా వెనక గల్లీలో ఉండేవాడు. నన్ను మామా అని పిలిచేవాడు. కారు మరమ్మతు పని మాలక్ నాకు అప్పజెప్పాడు. మగ్గాన్ని పట్టినవాడికి కారెంత అని నేనే అడిగి తీసుకున్నాను.

ఒకసారి తుల్జాపూర్ గుడికి పోయి ఘాట్ రోడ్డు దిగుతుంటే కారు బ్రేకులు వేడెక్కి, కమురు వాసన కొట్టి, తొక్కినా సరిగా పట్టలేదట. మాలక్ ఇంటిల్లిపాదీ హడలిపోయారు. మాలక్ అల్లుడు ఇంజనీరు. అతను నా ముందే మామగారితో అన్నాడు, మగ్గాలు చూసుకునే మనిషికి కారు అప్పజెబితే ఇట్లనే ఉంటుందని. నా వైపు చూడను కూడా చూడలేదు. చూసి అన్నా ఇంత బాధ ఉండేది కాదేమో.

ఆ తర్వాత మగ్గాల సామానుకు పుణె పోయాను. అక్కడ పందేలకు కార్లు తయారుచేసే గ్యారేజీ ఒకటి ఉంది. పత్రికల్లో చదివిన బ్రేకు ప్యాడ్లు కళ్ళారా చూశాను. పందెపు బాట మీద గంటల తరబడి గట్టిగా తొక్కినా, ఇనుము ఎర్రబడ్డా పట్టు వదలని ప్యాడ్లు. మా కారుకు సరిపోయేవి అడిగాను. గ్యారేజీ మనిషి హిందీలో చెప్పాడు, ఇవి రోడ్డుకు కాదు, బాగా వేడెక్కితే గాని పట్టవు, చల్లగా ఉన్నప్పుడు జారుతాయి అని.

ఇక్కడే నేను నిజం చెప్పాలి. నాకు తెలియక కాదు. ఆ మాట పత్రికలో చదివాను. అర్థమైంది కూడా. అర్థమై నవ్వుకున్నాను. వేడి గురించి సోలాపూర్ వాడికి చెబుతున్నాడు వీడు అనుకున్నాను. ఎండాకాలం తారు చెప్పులకు అంటుకుని ఊడిరాని ఊరు మాది. రేకుల షెడ్డు కింద ఒళ్ళంతా చెమటతో మగ్గం నడిపేవాళ్ళం. వేడికి మాకేం కొదువ? ఆ పత్రికలో రాసినవాడు మంచు కురిసే దేశంలో కూర్చుని రాశాడు, మాకు వర్తించదు అని తేల్చేశాను. ప్యాడ్లకు కావలసింది ఊరి ఎండ కాదని, మళ్ళీ మళ్ళీ తొక్కితే రాపిడికి పుట్టే మంట అని, మన గల్లీల్లో మెల్లగా పోయే కారు ఆ వేడికి దరిదాపుల్లోకి కూడా రాదని ఆలోచించలేదు. మగ్గం లెక్కన ఆలోచించాను. మగ్గం షిఫ్టు మొదలైతే షిఫ్టు దిగేదాకా ఆగదు, దాని బ్రేకు ఎప్పుడూ వెచ్చగానే ఉంటుంది. కారు రాత్రంతా నిలబడి చల్లారి, పొద్దున లేస్తుంది. ఇంత చిన్న సంగతి. చదువుకున్నానని మురిసిన నా బుర్రకు ఇది తట్టలేదా? తట్టనిచ్చానా అసలు?

సెలవు రోజున ఎవరికీ చెప్పకుండా బిగించాను. మళ్ళీ తుల్జాపూర్ పోయి వచ్చారు. ఘాట్‌లో బ్రేకులు గట్టిగా పట్టాయి. మాలక్ కార్ఖానాలో అందరి ముందు, అల్లుడి ముందు, మా జాబర్ ఇంజనీర్ల కన్నా నయం అన్నాడు. ఆ ఒక్క మాట తిని నెలల తరబడి బతికాను.

చక్రాలకు నల్లటి పొడి పట్టేది. తొక్కినప్పుడల్లా కారు కీచుమనేది. జాబర్ కారుకు సన్నాయి కట్టిండని కార్ఖానాలో నవ్వేవాళ్ళు. మంచి ప్యాడ్లు అరుస్తాయి అని చెప్పేవాణ్ణి. నమ్మేవాళ్ళు. నేను చదివినవాణ్ణి కదా.

అంబాదాస్ ఒక్కడే వచ్చి చెప్పాడు. పొద్దుటిపూట మొదటి తొక్కుకు బ్రేకు పట్టడం లేదని, కొంత దూరం పోయాకే దారికి వస్తోందని. పాపం, దానికి ఉపాయం కూడా తనే కనిపెట్టుకున్నాడు. దాజీ పేట్‌లో మాలక్ ఇంటి గేటు దాటగానే, కారు కదులుతుండగానే నాలుగుసార్లు తొక్కేవాడు. ఆ కీచుకు మాలక్ తల్లికి నిద్ర చెడుతోందని నాకు ఫిర్యాదు వచ్చింది. నేను అంబాదాస్‌ను పిలిచి మందలించాను. ఊరికే తొక్కి ప్యాడ్లు అరగదీయొద్దన్నాను. పట్టదని ఎట్లా అంటావు, నువ్వేమన్నా చదివినవా అన్నాను. అల్లుడు నన్నెలా తీసిపారేశాడో నేను అంబాదాస్‌ను అలాగే తీసిపారేశాను. అప్పుడు తెలియలేదు. అంబాదాస్ తల వంచుకుని, సరే మామా అన్నాడు. ఆ రోజు నుంచి తొక్కడం మానేశాడు.

చలికాలం. పొద్దున. నర్సవ్వ అనే ఆమె, నడివయసు మనిషి, చుట్టిన బీడీలు గంపలో పెట్టుకుని బీడీ కంపెనీ బ్రాంచిలో ఇచ్చిరావడానికి పోతోంది. గల్లీ మలుపులో అంబాదాస్ తెస్తున్న కారుకు ఎదురైంది. కారు ఏమంత జోరుగా లేదు. అంబాదాస్ తొక్కాడు. ఆగలేదు. కారు ముందు భాగానికీ గోడకూ మధ్య ఆమె మోకాలు నలిగింది.

వార్త కార్ఖానాకు వచ్చినప్పుడు నేనొక మగ్గం కింద పడుకుని బోల్టు బిగిస్తున్నాను. ఆ క్షణంలోనే నాకు తెలిసిపోయింది. ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. అయినా ఆ బోల్టు పూర్తిగా బిగించాకే బయటికి వచ్చాను. ఎందుకో ఇప్పటికీ తెలియదు.

నర్సవ్వను ఆస్పత్రిలో చేర్చి ఖర్చంతా మాలక్ పెట్టుకున్నాడు. అంబాదాస్ ఒక్కటే మాట మీద ఉన్నాడు, తొక్కిన, ఆగలే అని. పోలీసు ఫౌజుదార్ కారును చౌకీకి తెచ్చి చూపించమన్నాడు. మాలక్ ఆ పని నాకు చెప్పాడు. పొద్దుటినుంచి కదలక కారు చల్లగా ఉంది. దగ్గరి దారిన తీసుకుపోతే చౌకీ ముందు తొక్కిన మొదటి తొక్కుకే అంతా బయటపడేది. అంబాదాస్ తప్పు లేదని తేలేది.

నేను హోట్గి రోడ్డుకు తిప్పాను.

ఊరు దాటాక ఖాళీ రోడ్డు చూసి జోరు పెంచాను, గట్టిగా తొక్కాను. మళ్ళీ పెంచాను, మళ్ళీ తొక్కాను. కాలిన వాసన వచ్చేదాకా. దిగి చక్రం దగ్గర అరచెయ్యి పెట్టి చూశాను, పొయ్యి సెగలా కొట్టింది. అప్పుడు చౌకీకి తీసుకుపోయాను. ఎంతో శ్రద్ధగా, మగ్గానికి పోగు ఎక్కించినట్టు చేశాను. పొరపాటున జరిగింది కాదు ఇది. ప్యాడ్లు బిగించడం నా అహంకారం అనుకోండి, బుద్ధి తక్కువ అనుకోండి. హోట్గి రోడ్డు మాత్రం నేరం.

ఫౌజుదార్ తనే ఎక్కి నడిపాడు. తొక్కాడు. కారు మేకు కొట్టినట్టు ఆగింది. బండి బాగానే ఉంది, మనిషే బాగా లేడని నవ్వి దిగిపోయాడు.

బయట గోడ పక్కన అంబాదాస్ నిలబడి ఉన్నాడు. నా దగ్గరికి వచ్చాడు.

"మామా, నేను తొక్కిన. అడుగుదాక తొక్కిన. పెడలు రాయి లెక్క గట్టిగుండె, బండి మాత్రం ఆగలే. నీకు ముందుగాల్నే చెప్పిన గద, పొద్దుగాల పట్టదని."

"ఫౌజుదార్ చూసిండు గద అంబాదాస్."

"ఆయన సంగతి కాదు. నువ్వు జెప్పు. నీకు మిషన్ తెలుసు."

"చలికి కాలు మొద్దుబారి ఉంటది. నువ్వు తొక్కిన అనుకున్నవ్. తొక్కేటాల్లకు ఆలస్యమైంది. గంతే."

అతను వంగి తన కుడి పాదం వైపు చూసుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"గంతేనా మామా?"

"గంతే."

ఆ వారమే ప్యాడ్లు విప్పి పాత రకానివి వేశాను. విప్పినవి కార్ఖానా వెనక పాత ఇనుములో పారేశాను. ఎవరూ అడగలేదు.

మాలక్ అంబాదాస్‌ను కారు దింపి మళ్ళీ మగ్గం మీద పెట్టాడు. అది పెద్ద సంగతి కాదు, మగ్గం అతనికి రాని పని కాదు. పెద్ద సంగతి వేరే. అతను మళ్ళీ ఏ బండీ నడపలేదు. సైకిల్ మీద పోయినా మలుపు ఎంతో దూరం ఉండగానే కాలు కింద పెట్టేవాడు, పెట్టి తోసుకుంటూ నడిచేవాడు. కొడుకు ఆటోరిక్షా నడుపుతానంటే ఒప్పుకోలేదు, మన ఇంటి కాళ్ళు నమ్మేటివి కావు అన్నాడట. నర్సవ్వ మోకాలు మళ్ళీ పూర్తిగా ముడవలేదు. బీడీల పని చాట ఒళ్ళో పెట్టుకుని బాసిపట్లు వేసుకుంటేనే సాగుతుంది. ఆమె ఒక కాలు చాపుకుని, చాట పక్కన పెట్టుకుని, మెల్లగా చుట్టేది. ఆమె గంపను రోజూ పొద్దున బ్రాంచికి మోసుకుపోయేది అంబాదాసే. ఆమె తిట్టేది కూడా. "నీ కాలు పనికిరాకపాయె, నా కాలు పనికిరాకపాయె. ఇద్దరం కలిస్తె ఒక మనిషైతం, నడువురా" అనేది. అతను నవ్వేవాడు. చాయ్ దగ్గర ఎవరైనా ఆ పాత సంగతి ఎత్తితే తనే చెప్పేవాడు, తప్పు నాదే, కాలు మొద్దుబారింది, మామ ఆనాడే చెప్పిండు అని. నా వైపు చేయి చూపేవాడు. నేను తలూపేవాణ్ణి.

ఎందుకు చెప్పలేదు? పని పోతుందనా? కాదు. జాబర్లు దొరకని రోజులవి, మాలక్ తిట్టి ఊరుకునేవాడు. నాకు ఆ అల్లుడి నవ్వు కనిపించేది. చెప్పలేదా నేను అని అతను నవ్వుతాడన్న భయం. ఒక మనిషి నవ్వు తప్పించుకోవడానికి ఇంకొక మనిషి కాలు అతని ఒంటినుంచి తీసేసుకున్నాను. చదువుకున్నవాళ్ళు మమ్మల్ని తొక్కేస్తారని బతుకంతా మండిపడ్డాను. నేను తొక్కినవాడు నా వెనక గల్లీలోనే ఉన్నాడు. ఆ అల్లుడికి ఇదేదీ గుర్తు కూడా ఉండి ఉండదు.

నర్సవ్వ ఎప్పుడో పోయింది. అంబాదాస్ మొన్న వానాకాలంలో పోయాడు. పాడె లేపేముందు మా కార్ఖానా పాత మనిషి ఒకతను అందరూ వినేట్టు అన్నాడు, ఎసొంటి మనిషి, తన తప్పు తానే ఒప్పుకునేటోడు, ఈ కాలంల ఎవడున్నడు అని. అందరూ అవునన్నారు. నేను పాడెకు ముందు వైపు భుజం పట్టాను. చుట్టూ అంతమంది ఉన్నారు, అతని కొడుకు ఉన్నాడు, చెప్పడానికి అంతకంటే మంచి చోటు లేదు. బరువు మార్చుకునే వంకతో తల తిప్పుకున్నాను.

క్షమించమని అడగను. అడగాల్సినవాళ్ళు లేరు, ఉన్న కొడుకు ముందు నిలబడే ధైర్యం ఇంకా రాలేదు. వస్తుందని కూడా అనను. ఆనాడు చౌకీ గోడ పక్కన నేను చెప్పాల్సిన మాట ఒకటి మిగిలిపోయింది. అది చెప్పడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది, అదీ మీకు.

అంబాదాస్ బ్రేకు తొక్కాడు. సమయానికే తొక్కాడు. అడుగుదాకా తొక్కాడు. అతని కాలిలో ఏ లోపమూ లేదు.