జీడిపప్పు మిషనుకి కొత్త కళ్లజోడు

ఆ రోజుల్లో నాకు రానిదంటూ లేదని గట్టి నమ్మకం. గుంటూరు బ్రాడీపేటలో ఆర్నెల్లు లినక్స్ అనే కంప్యూటరు విద్య నేర్చుకుని, వేటపాలెంలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో కంప్యూటర్ చూసే పనిలో చేరి మూడు వారాలైంది (ఇప్పించింది మా మావయ్య; ఆ సంగతి ఇంట్లో రోజుకు రెండుసార్లు గుర్తుచేసేవారు). అక్కడి మిషను కెమెరాతో పప్పుని చూసి, ముక్కల్ని గాలి ఊది పక్క ట్రేలోకి నెట్టేది. విరగని గుండు పప్పు ముందుకు పోయేది. మిషను కన్నుగప్పి వచ్చినవాటిని ఆడవాళ్లు చేత్తో ఏరేవారు. వాళ్లకి పెద్ద, మేమంతా కళ్లజోడు అక్క అని పిలిచే ఆవిడ.

మిషను తెర మీద అక్షరాలు తెలుగులో కావాలన్నారు ఓనరు గారు. "అదెంత సార్, గంట పని" అన్నాను. దానికి కొత్త కంపైలరు కావాలి (మనం రాసినదాన్ని యంత్రానికి తెలిసేలా మార్చిపెట్టేది అదే), దానికి తోడు కొత్త లైబ్రరీలు కావాలి (అవి ప్రోగ్రాములన్నీ కలిసి వాడుకునే సామాను). పెట్టాను. అక్కడితో ఆగితే ఈ కథే లేదు. పాతవి చూస్తే చిరాకేసి, పండక్కి ఇల్లు దులిపినట్టు మొత్తం తుడిచేశాను. పప్పు ఏరే ప్రోగ్రాము పాత లైబ్రరీ లేనిదే లేవనని మొండికేసింది. నేను తగ్గుతానా? కొత్తదానికే పాత పేరు తగిలించాను. మిషను లేచింది! పేరు పాతదే గానీ లోపలి లెక్కలు వేరు కదా; నేను కాలరు సర్దుకునేలోపే గుండు పప్పునంతా ఫట్ ఫట్‌మని ముక్కల ట్రేలోకి ఊదేసి, ముక్కల్ని మర్యాదగా ముందుకు పంపడం మొదలుపెట్టింది.

"ఏం నాయనా, నీ మిషనుకి ఇయ్యాల కళ్లు మసకలొచ్చినయ్యా?" అంది అక్క. ఆడవాళ్లంతా ఘొల్లున నవ్వారు. ఓనరు గారు మాత్రం నవ్వలేదు.

"మూడింటికి లారీ వస్తది. సరుకెక్కకపోతే నువ్వే ఆ లారీ ఎక్కి గుంటూరు పో. మళ్లీ రామాక."

ఉద్యోగం సంగతి అటుంచి, మావయ్య మొహమే కళ్లముందు కదిలింది. ఈలోగా అక్క మిషను ఆపించి, పెట్టుకున్న కొత్త కళ్లజోడు తీసి దాని పెట్టెలో పెట్టి, సంచిలోని ఇంకో పెట్టెలోంచి దారం కట్టిన పాతది తీసి పెట్టుకుని చేత్తో ఏరడానికి కూర్చుంది.

"కొత్తది బాగానే ఉందిగా అక్కా?"

"అది బస్సు బోర్డు చదవటానికయ్యా. పప్పు మీద గీత దీంట్లోనే కనపడుద్ది. దేని పెట్టెలో దాన్ని ఉంచుకుంటా. కొత్తది వచ్చిందని పాతది పారేస్తే పని ఎట్టా జరుగుద్ది?"

నేను మిషనుతో పాటు వచ్చి ఓనరు గారి సొరుగులో పడున్న పాత డిస్కు కోసం పరిగెత్తాను. పాత లైబ్రరీని వేరే ఫోల్డరులో పెట్టి, ఆ ఒక్క ప్రోగ్రామునీ అక్కడే చూసుకోమని చెప్పాను. తెలుగు తెర కొత్తవాటితో నడిచింది. మిషనుకి చూపొచ్చింది. మూడింటి లారీ నాలుగింటికొచ్చింది (దేవుడున్నాడు). సరుకెక్కింది, నేను ఎక్కలేదు.

ఇప్పుడు నా కంప్యూటరులో నాలుగు కంపైలర్లు, దేని ఫోల్డరులో అది కాపురముంటున్నాయి. కొత్తగా చేరిన కుర్రాళ్లు "పాతవెందుకు సార్, తీసేద్దామా?" అని ఛాతీ విరుచుకుని అడుగుతారు. ఆ ఛాతీ నాకు బాగా తెలుసు, చూస్తే ముద్దొస్తుంది. "ఆగండి" అంటూ జేబులు తడుముకుంటాను. నాకూ ఇప్పుడు రెండు కళ్లజోళ్లు, రెండు పెట్టెలు.