బత్తాయి పూత, ఒక కరపత్రం

మొన్న ఎల్బీనగర్ మెట్రో మెట్లు దిగుతుంటే ఒక పరిశోధక విద్యార్థిని ఫోన్ చేసింది. తను తయారుచేసిన పరికరం గురించి చిన్న వీడియో తీసి నలుగురికీ పంపిందట, ఇప్పుడు పేటెంట్‌కి దరఖాస్తు పెట్టుకోవచ్చా అని అడిగింది. విశ్వవిద్యాలయంలో ఇలాంటి ప్రశ్నలకు జవాబు చెప్పే బల్ల వెనక కూర్చోవడమే నా ఉద్యోగం. ఎప్పుడు పంపావమ్మా అన్నాను. "పబ్లిష్ చెయ్యలేదు మేడమ్, వాట్సాప్‌లో పెట్టాను, అంతే" అంది. ఆ 'అంతే' వినగానే మెట్ల మధ్యలో ఆగిపోయాను. వెనక వస్తున్నవాళ్ళు విసుక్కుంటూ పక్కనుంచి దిగిపోయారు.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో నేను దిల్‌సుఖ్‌నగర్‌లో, కోచింగ్ సెంటర్ల బోర్డులు ఆకాశాన్ని కప్పేసిన ఒక సందులో, కిరాయి గదిలో ఉండేదాన్ని. మాది కోస్తా. మా సారుది నల్గొండ దగ్గర పల్లె. ఆయన విశ్వవిద్యాలయంలో పళ్ళ నిల్వ మీద పరిశోధన చేసేవారు. నేను ఆయన దగ్గర ప్రాజెక్టు అసిస్టెంటుని, అంటే ఏడాదికోసారి ఉద్యోగం ఉంటుందా ఊడుతుందా అని దేవుళ్ళందరికీ దణ్ణాలు పెట్టుకునే జాతి. సారు అన్నగారు ఊళ్ళో బత్తాయి తోటే నమ్ముకుని బతికేవారు. కోసిన కాయ గడ్డిఅన్నారం పళ్ళ మార్కెట్‌కి చేరేలోగా వడిలిపోతే ఆ ఏడు ఇంట్లో పండగ లేనట్టే. తుమ్మబంక, మైనం, నిమ్మగడ్డి నూనె సరైన పాళ్ళలో కలిపి పూస్తే బత్తాయి మామూలుకంటే చాలా రోజులు తాజాగా నిలుస్తుందని మేమిద్దరం మూడేళ్ళు తంటాలు పడి తేల్చాం. చెడినవీ చెడనివీ రుచి చూడాల్సింది నేనే కాబట్టి, ఇప్పటికీ ఎవరైనా బత్తాయి రసం చేతికిస్తే మొహమాటానికి కూడా తాగలేను.

అప్పుడే మా దగ్గర పేటెంట్ల కోసం ఒక గది తెరిచారు. గది అంటే ఒక బల్ల, ఒక బీరువా, ఒక మేడమ్. దరఖాస్తు వెళ్ళేదాకా విషయం ఎక్కడా పబ్లిష్ చెయ్యొద్దని ఆవిడ మాకు చిలక్కి చెప్పినట్టు చెప్పింది. మేమూ చిలకల్లాగే తలలూపాం. మా లెక్కలో పబ్లిష్ అంటే ఒకటే: ఇంగ్లీషులో రాసి, చివర బారెడు రిఫరెన్సులు తగిలించి, విదేశీ పత్రికలో వేయించుకోవడం. ఒక కంపెనీ మా పూతను తీసుకుంటానంది. దరఖాస్తు పెడితే ఒప్పందం, ఒప్పందం అయితే వాళ్ళ యూనిట్‌లో నాకు పర్మనెంటు ఉద్యోగం. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, నేను మా అమ్మకు ఫోన్ చేసి ఉద్యోగం వచ్చేసిందని చెప్పేశాను.

ఇంతలో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగిపోయాయి, విశ్వవిద్యాలయం మూతపడింది, రోడ్ల మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పులు చేశారు. దరఖాస్తు సగంలో ఉంది. నాకు గదిలో కాలు నిలిచేది కాదు. కాగితాలు సంచిలో వేసుకుని రోజూ ఎల్బీనగర్‌లో ఉన్న సారు ఇంటికి నడిచిపోయేదాన్ని. కూరగాయల బండి దగ్గర నోరు తెరిస్తే నా యాస బయటపడుతుందని వేలు చూపించి కొనుక్కునేదాన్ని. నన్నెవరూ ఏమీ అనలేదు. అనుంటే బాగుండేదేమో, ఆ బెంగైనా తీరేది.

ఒక మధ్యాహ్నం వెళ్ళేసరికి సారు అన్నగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. బత్తాయి లారీలు ఎల్బీనగర్ అవతలే బారులు తీరి ఆగిపోయాయి, వాటిలో ఆయన కాయ కూడా ఉంది. సమ్మెను ఆయన ఒక్క మాట అనలేదు. ఊళ్ళో రోడ్డు మీద బైఠాయించిన మనిషే ఆయన. "కొట్లాట మనదే, కాయ గూడ మనదేనాయె. దేన్ని ఇడిసిపెడ్తం?" అన్నారు తమ్ముడితో. సారు వంటింట్లోంచి పెద్ద గంగాళం తెప్పించారు. ఆ పూట మేం కలిపిన పూత ఒక్క లారీకే సరిపోయింది. మిగతా రైతులు తామే కలుపుకుంటామని, పాళ్ళు కాగితం మీద రాసిమ్మని అడిగారు.

సారు కంప్యూటర్ ముందు కూర్చుని నేనే రాశాను. 'ఈ మిశ్రమమును ఫలములపై లేపనము చేయవలెను' అని మొదలుపెట్టాను. అన్నగారు చదివించుకుని విని, "గిట్ల రాస్తె మావోళ్ళు గుళ్ళె చదివే మంత్రమనుకుంటరు. కలిపి పుయ్యుండ్రి అని రాయమ్మా" అన్నారు. అలాగే రాశాను. పైన జై తెలంగాణ, కింద బంక ఎంత, మైనం ఎంత, నూనె ఎన్ని చుక్కలు. అచ్చుకిస్తే ప్రెస్సువాళ్ళు ఆనవాయితీ ప్రకారం అడుగున తమ పేరూ తేదీ వేసుకున్నారు. మర్నాటికి ఆ కరపత్రం లారీ లారీకీ చేరింది. రోడ్డు తెరిచాక చాలామటుకు కాయ చెడకుండా మార్కెట్‌కి పోయింది. ఆ సాయంత్రం నేను కూరగాయల బండి దగ్గర నోరారా బేరమాడాను.

సమ్మె ముగిసి దరఖాస్తు సిద్ధమయ్యాక మేడమ్ ఆఖరిసారి, ఎక్కడా పబ్లిష్ చెయ్యలేదు కదా అని అడిగింది. లేదని ఇద్దరం ఒక్క గొంతుతో చెప్పాం. మా పూత ఎంత పనికొచ్చిందో చూపిద్దామని నేనే ఉత్సాహంగా ఆ కరపత్రం తీసి ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ అడుగున ఉన్న తేదీ చూసి కళ్ళద్దాలు తీసేసింది. ఏ భాషైనా సరే, ఏ కాగితమైనా సరే, దరఖాస్తుకు ముందే జనం చేతిలో పడితే అది పబ్లిష్ చేసినట్టేనట. పాళ్ళతో సహా అంతా అందులోనే ఉంది. ఇక అది కొత్త సంగతి కాదు, పేటెంట్ రాదు. ఎక్కడా పబ్లిష్ చెయ్యలేదన్న మాట కింద తెలిసి తెలిసీ సంతకం పెడతారో లేదో మీ ఇష్టమని కాగితాలు సారు ముందుకు జరిపింది.

నా ఉద్యోగం ఆ బల్ల మీద ఉంది. ఎక్కడలేని ధైర్యం వచ్చి, "సార్, అది తెలుగు కరపత్రం సార్. ఎవరు చదువుతారు?" అన్నాను.

సారు నాకేసి చూశారు. ఆయన కళ్ళలో కోపం లేదు, అదే నన్ను చంపింది. "తెలుగుల జెప్తే జెప్పినట్టు గాదా, బిడ్డా?" అన్నారు. కలానికి మూత పెట్టి జేబులో పెట్టుకున్నారు.

దరఖాస్తు ఆగిపోయింది. కంపెనీ మొహం చాటేసింది. ఆ ఏడాది చివర ప్రాజెక్టూ అయిపోయింది, నా కొలువూ పోయింది. ఇలాంటి మనిషితో ఎవడు వేగుతాడని తిట్టుకుంటూ చాలాకాలం ఆయనతో మాట్లాడలేదు. మేడమ్ రిటైరయ్యాక ఆ కుర్చీకి నా పేరు సిఫారసు చేసింది ఆయనేనని, చేరాక ఎవరో చెబితే తెలిసింది. కృతజ్ఞతలు చెప్పుకుందామని రెండుసార్లు ఎల్బీనగర్ దాకా వెళ్ళి, వీధి మొదట్లోంచే తిరిగొచ్చాను. మూడోసారి వెళ్ళేటప్పటికి ఆయన ఇక లేరు.

పేటెంట్ పోయిందన్న బాధ ఎప్పుడో పోయింది. కానీ నా భాషలో, నా చేత్తో రాసి, దాన్నెవరు చదువుతారని అన్నది కూడా నేనే. అప్పుడు వయసులో ఉన్నాను, రోజులు గడిస్తే ఆ సిగ్గు తగ్గుతుందనుకున్నాను. ఏటేటా పెరుగుతుందని ఎవరూ చెప్పలేదు.