మావయ్యగారి గంప కింద గినీ పందులు

మా స్కూల్లో పనిచేసే టీచరమ్మకి విశాఖపట్నం బదిలీ అయినప్పుడు, తన గోధుమరంగు గినీ పందిని పంజరంతో సహా అరకులో మా ఇంట్లో దింపి వెళ్లింది. ఎలుక కంటే పెద్దది, కుందేలు కంటే చిన్నది, మొహం మాత్రం అలిగిన పెళ్లికొడుకుది. ఒంటరిగా ఉంటే బెంగపెట్టుకుంటుందని ఆవిడ చెప్పడంతో, పట్నం వెళ్లినప్పుడు ఒక బక్క తెల్లదాన్ని కొనుక్కొచ్చాను. రెండూ మగవే. ఆడదాన్ని తెస్తే ఇల్లంతా పిల్లలవుతాయని నా ముందుచూపు.

మావయ్యగారికి ఆ ముందుచూపే నచ్చలేదు. ఆయన మా చర్చిలో సంఘపెద్ద. బాప్తిస్మం తీసుకున్నాక కోడిపందేలు మానేశారు గానీ, పుంజుల్ని పెంచిన ఆ చేతులు మాత్రం ఇంకా మారుమనసు పొందలేదు.

"ఏటమ్మా, ఒక్క పెరట్లో రెండు పుంజుల్ని ఇడిసినావు? సంపుకుంటాయి," అన్నారు.

"ఇవి కోళ్లు కాదు మావయ్యా."

"మగవా, కాదా?"

నేను పంజరం తీసుకెళ్లి వరండాలో పెట్టాను.

ఆ సాయంత్రమే గోధుమది నడుము తిప్పుకుంటూ, గురగురమంటూ తెల్లదాని చుట్టూ తిరిగింది. తెల్లది పళ్లు టకటకలాడించింది. తర్వాత ఒకదానిమీదొకటి ఎక్కడం మొదలుపెట్టాయి. సంఘపెద్దగారి వరండాలో జరగాల్సిన పని కాదది. ప్రార్థనకొచ్చిన ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మావయ్యగారు లేచి తెల్లదాన్ని ఎత్తుకెళ్లి కోళ్లగంప కింద మూసేశారు.

ఇక గురగుర వినబడితే చాలు, గంప. పుంజుల దగ్గర నేర్చుకున్న విద్య అది. విడిగా మూసిపెట్టి, ఒకదాని కంట ఒకటి పడకుండా ఉంచడం. అయితే పుంజుల్ని అలా మూసేది శాంతం నేర్పడానికి కాదు, బరిలో వదిలిన రోజున కసిగా కొట్టుకోవడానికి. మా ఇంట్లోనూ అదే జరిగింది. గంప ఎత్తినప్పుడల్లా నిన్నటి తగువు ఎక్కడిదాకా వచ్చిందో మర్చిపోయి, రెండూ మళ్లీ మొదటినుంచి ఎత్తుకునేవి.

విసిగిపోయి ఆయన తీర్పు చెప్పేశారు. రోడ్డు మీద రిసార్టు నడిపే ఆయన, టూరిస్టు పిల్లలు ఆడుకోవడానికి తెల్లదాన్ని అడిగాడట. సంత రోజున వచ్చి పట్టుకెళ్తాడట.

"ఓడిపోయేదాన్ని ఉంచుకుని ఏటి సేత్తాం?" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. నా అడుగుల చప్పుడు వినగానే కుయ్‌కుయ్‌మని కేకలేసే ప్రాణి అది. రోజుకో గుంపు పిల్లల చేతుల్లో నలగడానికి పంపాలా? ఏడుపు కూడా వచ్చింది. కోడలి ఏడుపు మా ఇంట్లో చెల్లదు కనుక కోపం దగ్గరే ఆగాను.

టీచరమ్మకి ఫోన్ చేస్తే ఆవిడ నన్నే తిట్టింది. "రక్తం కనబడితే తప్ప విడదీయకూడదు తల్లీ! పెద్దరికం ఎవరిదో వాటినే తేల్చుకోనియ్యి. మీరేమో రోజూ వాయిదా వేస్తున్నారు!"

మావయ్యగారు చర్చి పనిమీద పెదబయలు వెళ్లిన రోజు చూసుకుని, గంప కింద గుడ్లు పెట్టి పొదుగుడు కోడిని కూర్చోబెట్టాను. పొదిగే కోడిని లేపడానికి ఆయనకి ప్రాణం ఒప్పదు. పంజరం శుభ్రంగా కడిగాను. సబ్బుల అట్టపెట్టెలు రెండు తెచ్చి, ఒకటి గుమ్మానికి అడ్డం కూర్చుంటే రెండోది వెనకనుంచి పారిపోయేలా, ఒక్కోదానికి రెండేసి గుమ్మాలు కోశాను. పెట్టెల్ని పంజరంలో ఉంచి, గడ్డీ నీళ్లూ రెండు చోట్ల పెట్టి, గినీ పందులు రెండింటినీ కలిపి వదిలాను.

తిరిగొచ్చి చూసి, "యేరు కాపరాలు పెట్టినావేటి?" అన్నారు మావయ్యగారు. గంప వైపు వెళ్లి, కోడి చేత పొడిపించుకుని వెనక్కి వచ్చారు.

పంజరంలో రెండూ తరుముకున్నాయి, గుర్రుమన్నాయి, కాస్త బొచ్చు రాల్చుకున్నాయి. మధ్యలో చెయ్యి పెట్టకుండా కూర్చోవడం నాకెంత కష్టమైందో చెప్పలేను. మావయ్యగారు మాత్రం కుర్చీ ముందుకి జరుపుకున్నారు. ఆయనది గోధుమదాని పక్షం. పాస్టరుగారు వీధిలో లేరని చూసుకుని, "లెగరా! అటేపు నుంచి రా!" అని గొంతు తగ్గించి ఎగదోసేవారు.

సంత రోజు రానే వచ్చింది. రిసార్టాయన బుట్ట పట్టుకుని వరండా ఎక్కాడు. తెల్లది ఆఖరిసారి తింటుందేమోనని నేను పంజరంలో కొత్తిమీర వేశాను. గోధుమది ముందుగా ఉరికింది. తెల్లది గడ్డం కొంచెం పైకెత్తింది, అంతే. అంత ఒళ్లున్న గోధుమది తల దించేసి, సన్నగా కుయ్‌మంటూ వెనక్కి తగ్గింది. తెల్లది తీరిగ్గా ఆకులు తిని, పక్కకి జరిగి చోటిచ్చింది. ఆ తర్వాత రెండూ ఒళ్లు ఆనించుకుని కాడలు నమిలాయి.

మావయ్యగారు నోరు తెరిచారు. రిసార్టాయన తెల్లదాని మీదకి చెయ్యి చాచాడు. ఆ చెయ్యి పట్టుకున్నది నేను కాదు.

"ఆగు బాబూ," అన్నారు మావయ్యగారు. "గెలిచినోడ్ని ఎవులైనా ఇచ్చేత్తారేటి?"

"పోనీ, ఓడిపోయినదాన్ని ఇప్పించండి," అన్నాడాయన.

మావయ్యగారు నావైపు చూశారు. నేను గడ్డం కొంచెం పైకెత్తాను.

మావయ్యగారు తల దించుకుని, రిసార్టాయనకి టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లిపోయారు.