మంచు తెరిపివ్వలేదు

నేతగాళ్లుండే నీలం నగర్‌లో గోదావరమ్మ బీడీలు చుట్టి తమ్ముడు దత్తాత్రిని పెంచింది. తన మగ్గం మూలపడ్డాక అతడు వంటపని నేర్చి, అంటార్కిటికాలో మన శాస్త్రవేత్తలుండే స్థావరానికి వంటవాడిగా వెళ్లాడు. ఏడాది గడిచి, అతణ్ని తెచ్చే ఓడ బయల్దేరేసరికి అక్క మంచాన పడింది. ఇంట్లోనే చూసుకోండి అన్నారు డాక్టర్లు.

తమ్ముణ్ని చూసి కన్ను మూయాలి. మార్కండేయ స్వామిని ఆమె అడిగింది అదొక్కటే.

కూతురు ఋతుజ పూణేలో ఉపగ్రహాల రాడార్ చిత్రాలు చూసి సముద్రంలో మంచు ఎక్కడుందో చెప్పే ఉద్యోగం చేస్తుంది. సెలవు మీద వచ్చి, రోజూ ఓడ ముందున్న సముద్రాన్ని ఫోన్లో తల్లికి చూపేది. మబ్బులైనా చీకటైనా రాడార్‌కు అడ్డు లేదట.

"ఈ తెల్లదేందే?"

"గరుకు మంచు, అమ్మా. నల్లగున్నది అలలు లేని నీళ్లు."

ఒకరోజు చిత్రం నిండా నల్లటి చారలు.

"అగో, దారి పడ్డది! మామ వస్తుండు!"

కొత్తగా, నున్నగా గడ్డకట్టిన మంచు కూడా రాడార్‌లో నల్లగానే ఉంటుంది. అక్కడ చలి ముదిరిందని ఋతుజకు తెలుసు. అయినా "అవునమ్మా" అంది.

మర్నాడు దత్తాత్రి ఫోన్ చేశాడు. మంచు దాటలేక ఓడ వెనక్కి మళ్లింది, మళ్లీ వచ్చేది అక్కడి ఎండాకాలానికే. "అక్కకు చెప్పకు బేటా" అన్నాడు.

ఋతుజ తల్లికి పాత చిత్రమే చూపింది.

"ఇది నిన్నటిదే గదనే. రోజూ మారే సముద్రం ఇయ్యాల ఆగిందా?" గోదావరమ్మ ఫోన్ పక్కన పెట్టింది. "రాడు గదా?"

ఋతుజ, తల్లి చేయి పట్టుకుని ఏడ్చింది.

"ఏడ్వకు. సందూక్‌ల మామ పెట్టిపోయిన చీర తియ్యి."

అది దత్తాత్రి తన మగ్గం మీద ఆఖరున నేసిన చీర. ఆడమనిషి పోతే అన్నదమ్ములు తెచ్చి కప్పే పుట్టింటి చీర. అక్కకు దగ్గు అప్పటికే ముదిరింది. "ఉండనీ" అని పెట్టెలో పెట్టి వెళ్లాడు. అది ఎందుకో ఇద్దరికీ తెలుసు.

"ఇప్పుడే వద్దమ్మా."

"సచ్చినంక కప్పితే నాకేం తెలుస్తదే? కట్టియ్యి. ఫోటో తీసి మామకు పంపు."

పక్కింటి పద్మ వచ్చి, నొప్పి తగలకుండా ఆమెను లేపి కూర్చోబెట్టింది. చీర కట్టాక గోదావరమ్మ చాలాసేపు అంచు తడుముకుంది.

గోడ అవతలి పెంటప్ప, ఆమె నిద్రపోవాలని రోజూ మధ్యాహ్నం మరమగ్గాలు ఆపేవాడు. అతని మంచితనాన్ని కాదనలేక ఆమె ఇన్నాళ్లూ ఊరుకుంది.

"పెంటప్పకు చెప్పు పద్మా, సాంచాలు నడిపియ్యమని. సప్పుడు లేకుంటే నాకు నిద్ర రాదు."

కాసేపటికి గోడ అదిరింది. ఆమె కళ్లు మూసుకుంది.