డ్రెస్సింగ్ గది ఖరీదు

దేశ రాజధానిలో కటవారియా సరాయ్ బస్తీ పక్కన, మా చర్చి నడిపే ఉచిత క్లినిక్‌లో నేను పుండ్లకు కట్లు కట్టే డ్రెస్సింగ్ గది సిస్టర్‌ని. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, క్లినిక్‌కు నిధులిచ్చే ట్రస్టు నుంచి ఒక ఆఫీసరు వచ్చారు. ఒక్కో గది ఖర్చునీ అక్కడికి వచ్చిన రోగుల సంఖ్యతో భాగించారు. జ్వరాల గది చౌకగా తేలింది. అన్నిటికన్నా ఖరీదైనది నా గదే, దాన్ని మూసేయమన్నారు.

నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. షుగరు పుండ్లతో వచ్చినవాళ్లకు రెండుసార్లు నేను కట్టు కట్టి, మూడోసారి ఇంటివాళ్ల చేత కట్టించేదాన్ని. నీళ్లు కాచి చల్లార్చడం దగ్గర్నుంచి నేర్పేదాన్ని. ఆ తర్వాత వారానికోసారి వస్తే చాలు, కూలీ పోదు. నా పని బాగా సాగేకొద్దీ రోగుల రాక తగ్గుతుంది, ఆయన కాగితంలో నా ఖరీదు పెరుగుతుంది. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే.

నా తప్పూ ఉంది. నయమైన కాలు చూపించిపోదామని వచ్చినవాళ్లను చీటీ రాయించకుండానే పంపేసేదాన్ని. రిజిస్టరులో వాళ్లంతా చికిత్స మధ్యలో వదిలేసి పోయినవాళ్లలా కనబడ్డారు.

"ఇప్పుడేం చేద్దామే?" అన్నారు మా డాక్టరమ్మ. ఆవిడదీ గుంటూరే.

"ఆళ్లనే పిలుద్దామండీ. కాళ్లు చూపిత్తారు."

రెండు ఆదివారాలు ఆరాధన అవగానే రిజిస్టరులోని అడ్రసులు పట్టుకుని సందులన్నీ తిరిగాను. చెప్పిన రోజుకు బెంచీలు నిండిపోయాయి. ఆఫీసరు ముందు ఒక్కొక్కరే చెప్పులు విప్పారు. ఇస్త్రీ బండి ముసలాయన ఏకంగా కుర్చీ మీదే కాలు పెట్టి, "దేఖియే సాబ్, బిల్కుల్ ఠీక్!" అని, పూర్తిగా మానిపోయిన మడమ చూపించాడు.

"వచ్చినవాళ్లకి కాదు సార్, నయమైన పుండుకి ఎంతయిందో చూడండి," అన్నాను.

ఆయన ఒక్కో పేజీ తిప్పుతూ చాలాసేపు లెక్క వేశారు. తన కాగితంలో నా గది మూసేయాలన్న వాక్యాన్ని కొట్టేశారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు.

"మిగతా క్లినిక్‌ల సిస్టర్లను పంపిస్తాం. ఈ పద్ధతి నేర్పుతారా?" అని అడిగారు.

ముసలాయన కాలికి నెలల తరబడి కట్టు కట్టిన ఆయన భార్య గుమ్మం పక్కన ముసుగు సర్దుకుంటూ నిలబడి ఉంది. ఆవిడ చెయ్యి పట్టుకుని గదిలోకి తీసుకొచ్చి, ఆఫీసరు ఎదుటి కుర్చీలో కూర్చోబెట్టాను.

"ఈవిడ నేర్పుతుంది సార్," అన్నాను.